జవాబును కూడా అనువదించాలి

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను పిలిచి, "కంప్యూటర్ల గురించి పది నిమిషాలు మాట్లాడండి, కాని భోజనాల ముందు ఎవరికీ నిద్ర రాకూడదు" అన్నారు. రెండో షరతు కష్టమే. ప్రయత్నిస్తాను.

డిసెంబరు 17 మనకు పండుగ రోజు. 1982లో ఇదే తేదీన నకారా కేసులో సుప్రీంకోర్టు, పెన్షన్ దయతలచి ఇచ్చే దానం కాదు, ఉద్యోగి హక్కు అని తీర్పు చెప్పింది. ఆ హక్కు నెలనెలా మన ఖాతాలోకి చేరాలంటే ఈ రోజుల్లో కొన్ని కంప్యూటర్ ఆజ్ఞలు సరిగ్గా నడవాలి. అలాంటి ఒక ఆజ్ఞను ఒక భాషలోంచి ఇంకో భాషలోకి మారుస్తూ నేను చేసిన తప్పును ఇవాళ మీ ముందు చెప్పుకోదలిచాను.

అనువాదం ఈ రాజమండ్రికి కొత్త కాదు. పదకొండో శతాబ్దంలో రాజరాజ నరేంద్రుడి కొలువులో నన్నయ భట్టారకుడు భారతాన్ని తెలుగు చేయడం మొదలుపెట్టింది ఇక్కడే. ఆయన మూలంలోని మాటకు మాట పెట్టుకుంటూ పోలేదు. భావం పట్టుకుని తెలుగువాడికి అర్థమయ్యేట్టు చెప్పాడు. నేను ఆ ఊళ్లోనే ఉద్యోగం చేసి, మాటకు మాట పెట్టి దెబ్బతిన్నాను.

కంప్యూటర్ లోపల పనులన్నీ చూసే పెద్ద గుమాస్తా ఒకడున్నాడనుకోండి. అతనికి మనం రాసిచ్చే పనుల చీటీయే స్క్రిప్టు. ఈ చీటీ రాయడానికి చాలా భాషలున్నాయి. యూనిక్స్ యంత్రాల మీద షెల్ భాష పాతది. స్టీఫెన్ బోర్న్ రాసిన షెల్ 1979 నుంచి వాడుకలో ఉంది. గిడో వాన్ రోసమ్ తయారుచేసిన పైథాన్ 1991లో బయటికొచ్చింది. ఏ భాషలో రాసినా, "ఫలానా ఫైలుకు నకలు తీసి ఫలానా చోట పెట్టు" అని గుమాస్తాను అడగవచ్చు. నకలు తీసే ఆజ్ఞ పేరు సీపీ.

పని అయ్యాక గుమాస్తా ఒక అంకె చెబుతాడు. సున్నా అంటే అంతా సవ్యం. మనం ఆఫీసుల్లో పంపిన నిల్ రిపోర్టు లాంటిదన్నమాట. సున్నా కాకపోతే ఏదో విశేషం ఉంది. ధవళేశ్వరం దగ్గర చూడండి. నీటిమట్టం 11.75 అడుగులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 దాటితే రెండోది, 17.75 దాటితే మూడోది. ఆ అంకె విని లంక గ్రామాలవాళ్లు సామాను సర్దుకుంటారు. 1986 ఆగస్టులో 35 లక్షల క్యూసెక్కుల పైచిలుకు వరద వచ్చినప్పటి సంగతి ఇక్కడున్న చాలామందికి గుర్తుండే ఉంటుంది. "ధవళేశ్వరం నుంచి కబురొచ్చింది" అని చెప్పి, ఎన్నో నంబరు హెచ్చరికో చెప్పకపోతే ఆ కబురు వల్ల ఏం లాభం?

నేను పనిచేసిన ఆఫీసులో నెలాఖరు రాత్రి పెన్షన్ల జాబితా తయారయ్యేది. దాన్ని రెండో యంత్రం డిస్కు మీదికి నకలు తీసే పని ఒక పాత షెల్ స్క్రిప్టుది. నాలుగే నాలుగు వరుసలు. నకలు తీయడం, గుమాస్తా చెప్పిన అంకెను పైకి అందించడం, అంతే. పైనున్న ప్రోగ్రాము ఆ అంకె చూసి, సున్నా అయితేనే జాబితాను బ్యాంకుకు పంపేది. ఏళ్ల తరబడి దాని జోలికి ఎవరూ వెళ్లలేదు.

2012లో కొత్త యంత్రం వచ్చింది. స్క్రిప్టులన్నీ పైథాన్‌లోకి మార్చమన్నారు. నాలుగు వరుసలే కదా అని మధ్యాహ్నం టీ తాగేలోగా మార్చేశాను. షెల్‌లో ఆజ్ఞ ఉన్నచోట పైథాన్ వారి ఓఎస్ డాట్ సిస్టమ్ పెట్టాను. అది ఇచ్చిన అంకెను ఉన్నదున్నట్టు పైకి అందించాను. మూడుసార్లు నడిపి చూశాను, మూడుసార్లూ నకలు చక్కగా వచ్చింది, సున్నా వచ్చింది. సంతకం పెట్టేశాను.

2013 జనవరి ఆరో తారీఖునో ఏడో తారీఖునో రావులపాలెం దగ్గరి పల్లె నుంచి ఒక పెద్దావిడ బస్సెక్కి వచ్చింది. మన దగ్గరే అటెండరుగా పనిచేసి పోయినాయన భార్య. బ్యాంకుకు మూడుసార్లు వెళ్లిందట. డబ్బు పడలేదన్నారట. నా బల్ల ముందు నిలబడి, "నేను బతికే ఉన్నానని నవంబరులో కాయితం ఇచ్చాను కదా బాబూ, నా పేరు ఎందుకు కొట్టేశారు?" అని అడిగింది.

ఆవిడ పేరు ఎవరూ కొట్టేయలేదు. ఆ రాత్రి రెండో యంత్రం డిస్కు నిండిపోయింది. నకలు సగంలో ఆగిపోయింది. మా జాబితాలో కుటుంబ పెన్షన్లు చివర ఉండేవి. తెగిపోయింది ఆ చివరే. భర్త పోయినవాళ్లకే డబ్బు అందలేదు. చిట్టాలో చూస్తే మాత్రం సున్నా. అంతా సవ్యం!

ఆ సాయంత్రం కూర్చుని, లేని చోటికి నకలు తీయమని కావాలనే తప్పు ఆజ్ఞ ఇచ్చాను. షెల్ 1 అంది. పైథాన్ 256 అంది. కాని నా స్క్రిప్టు పైకి అందించింది మళ్లీ సున్నాయే.

లెక్కల సెక్షన్‌వారికి ఇది సులువుగా బోధపడుతుంది. క్యాష్ బుక్కులో రూపాయలకో గడి, పైసలకో గడి ఉన్నట్టు, యూనిక్స్ గుమాస్తా ఇచ్చే చీటీలో రెండు గడులుంటాయి. ఎడమ గడిలో ఆజ్ఞ చెప్పిన జవాబు. కుడి గడిలో, ఆ ఆజ్ఞను మధ్యలో ఎవరైనా బలవంతంగా ఆపేస్తే ఆ సంగతి. మనకు రూపాయికి వంద పైసలైతే అక్కడ 256. షెల్ ఎడమ గడి మాత్రమే చదివి 1 అని చెబుతుంది. ఓఎస్ డాట్ సిస్టమ్ రెండు గడులూ కలిపి చదివి, మనం రూపాయిని వంద పైసలన్నట్టు, 256 అంటుంది. ఒక స్క్రిప్టు ముగిసేటప్పుడు పైకి చెప్పగలిగిన అంకె 0 నుంచి 255 వరకే. 256 ఇస్తే అందులో చివరి గడి మాత్రమే మిగులుతుంది. అక్కడున్నది సున్నా. రూపాయి పోయి పైసల గడిలోని సున్నా సున్నా మిగిలినట్టు.

అంటే ఆజ్ఞను సరిగ్గానే అనువదించాను. జవాబును అనువదించలేదు.

మందు అప్పటికే ఉంది. 2004లో వచ్చిన పైథాన్ 2.4 నుంచి సబ్‌ప్రాసెస్ అనే పరికరం ఉంది. అది 1ని 1గానే చెబుతుంది. 2015లో వచ్చిన 3.5లో దానికే రన్ అనే పద్ధతి చేర్చారు. అందులో చెక్ అన్న మాట పెడితే, సున్నా కాని జవాబు రాగానే స్క్రిప్టు అక్కడే ఆగి కేక పెడుతుంది. అయితే అన్ని ఆజ్ఞలకూ ఇది గుడ్డిగా పెట్టకూడదు. ఫైల్లో ఒక మాటను వెతికే గ్రెప్ 1 అన్నదంటే ఆ మాట లేదని మాత్రమే అర్థం, అది తప్పు కాదు. తప్పు జరిగితే 2 అంటుంది. ఏ ఆజ్ఞ ఏ అంకెతో ఏం చెబుతుందో దాని పుస్తకం చూసుకోవాలి.

ఇంకొక్క ముక్క. ఆజ్ఞను ఒకే వాక్యంగా ఇస్తే షెల్ దాన్ని ఖాళీ కనిపించినచోటల్లా ముక్కలు చేస్తుంది. ఫైలు పేరు "ఈస్ట్ గోదావరి" అయితే ఈస్ట్ ఒక ఫైలు, గోదావరి ఇంకో ఫైలు అనుకుంటుంది. 2022 ఏప్రిల్‌లో మన జిల్లాలను ప్రభుత్వం విడదీసింది, షెల్ మాత్రం ఎప్పటినుంచో విడదీస్తూనే ఉంది! సబ్‌ప్రాసెస్‌కు మాటలను వేరువేరుగా, జాబితాగా ఇస్తే మధ్యలో షెల్ రాదు, పేరు పేరుగానే ఉంటుంది.

ఆఫీసులో ముందు "కంప్యూటర్ తప్పు" అని రాసి ఫైలు మూసేద్దామన్నారు. నేను ఒప్పుకోలేదు. అనువాదం నాది, తప్పు నాది అని సంజాయిషీ రాసిచ్చాను. మర్నాడే అనుబంధ జాబితా పంపాం. తొమ్మిదో తారీఖుకు అందరికీ డబ్బు పడింది. ఆ పెద్దావిడకు ఫోను లేదు, పక్కింటివాళ్ల నంబరుకు చేసి చెప్పాను. "పేరు ఉందా బాబూ?" అని మళ్లీ అదే అడిగింది. డబ్బు సంగతి తర్వాత అడిగింది.

మీ పిల్లలు, మనవలు హైదరాబాదులోనో అమెరికాలోనో ఇలాంటి పనులే చేస్తుంటారు. ఇప్పుడు యంత్రాన్నే అడిగి ఒక భాషలోంచి ఇంకో భాషలోకి మార్పించుకుంటున్నారు. మంచిదే. వాళ్లు సెలవులకు వచ్చినప్పుడు నా మాటగా ఒక్క ప్రశ్న అడగండి: "పని అయితే ఏం చెబుతుందో చూశావు సరే, కాకపోతే ఏం చెబుతుందో చూశావా?" నేను మూడుసార్లు పరీక్షించాను. మూడుసార్లూ డిస్కులో చోటున్నప్పుడే. ఒక్కసారి కావాలని చెడగొట్టి చూసి ఉంటే ఆవిడకు ఆ బస్సు ప్రయాణాలు తప్పేవి.

భోజనాలు సిద్ధంగా ఉన్నట్టున్నాయి, వాసన వస్తోంది.