అనూరుడు నడుపు రథము



ప్రతిదినము మనము అర్ఘ్యమిచ్చు సూర్యభగవానుని రథమును నడుపువాడు అరుణుడు. ఆయనకు అనూరుడని మరియొక నామము. ఊరువులు, అనగా తొడలు లేనివాడని దాని అర్థము. తల్లి వినత తొందరపడి అండమును పగులగొట్టినందున, క్రింది సగము ఏర్పడకమునుపే ఆయన జన్మించెనని మహాభారతము ఆదిపర్వములో కలదు. పుట్టగానే ఆయనకు దుఃఖము కలిగినది, కోపము కలిగినది, కన్నతల్లినే శపించెను. వ్యాసభగవానుడు దానిని దాచలేదు. అయితే కథ అచ్చట ఆగలేదు. సూర్యుని తీక్ష్ణతకు లోకములు తపించుచుండగా, ఆ వేడికి అడ్డుగా రథము ముందు కూర్చుండి పగ్గములు పట్టినవాడు ఆ అనూరుడే. ఉన్న సగము శరీరముతోనే లోకోపకారి యయ్యెను.

ఈ కథ నేటి మనకు ఏమి బోధించుచున్నదో విచారింతము.

1965వ సంవత్సరపు యుద్ధమున మన సైనికుడు మురళీకాంత్ పేట్కర్ శరీరములో తూటాలు దిగినవి. మహారాష్ట్రకు చెందిన ఆయన అంతకుముందు సైన్యములో ముష్టియుద్ధ క్రీడాకారుడు. నడుము క్రింది భాగము చచ్చుబడినది. కాళ్లపై నిలిచి ఆడవలసిన ఆ విద్య ఇక సాగదు. అప్పుడాయన నీటిని ఆశ్రయించెను. నీరు శరీరభారమును తాను మోయును. చేతులు, భుజములు, శ్వాస నిలిచియున్నచో ఈదవచ్చును. చికిత్సగా మొదలైనది సాధన అయినది. 1972లో పశ్చిమ జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో జరిగిన పారాలింపిక్ క్రీడలలో, 50 మీటర్ల ఈతలో స్వర్ణపతకము గెలిచెను. ఆ క్రీడలలో భారతదేశమునకు లభించిన తొలి స్వర్ణమది. పద్మశ్రీ మాత్రము 2018లో వచ్చినది. గుర్తింపు ఆలస్యమైనది గాని, నాడు నీటిలో గెలిచినదానిని ఎవరును తీసివేయలేరు.

ఈ క్రీడలకు మూలపురుషుడు లుడ్విగ్ గుట్‌మన్ అను వైద్యుడు. యూదులపై జరుగుచున్న హింస వలన 1939లో జర్మనీ విడిచి ఇంగ్లండు చేరెను. స్టోక్ మాండెవిల్ వైద్యశాలలో, యుద్ధమున వెన్నెముక దెబ్బతిన్నవారిని మంచమునకు అప్పగింపక, చక్రముల కుర్చీలో కూర్చోబెట్టి ఆడించెను. 1948 జులై 29న, లండన్ ఒలింపిక్స్ ఆరంభమైన దినముననే, 16 మందితో విలువిద్య పోటీ పెట్టెను. విల్లు లాగుటకు కావలసినవి భుజబలము, ఏకాగ్రత. ద్రోణాచార్యుడు అర్జునునికి నేర్పిన పాఠమును వారు కుర్చీలో కూర్చుండి అభ్యసించిరి.

కఠోపనిషత్తు శరీరమును రథముగను, ఆత్మను రథికునిగను, బుద్ధిని సారథిగను, మనస్సును పగ్గముగను నిరూపించినది. చక్రము విరిగినచో లోపము రథమునకే గాని రథికునకు కాదు. సారథి మెలకువగా ఉన్నచో ఆ రథమునే మరియొక విధముగ నడుపును. ఆటకు నియమము కలదు, వేళ కలదు, గురువు కలడు, తోటివారు కలరు. కావున పడినవానికి అది అనుష్ఠానము వంటిది. ప్రతి ఉదయము లేచుటకు ఒక కారణము నిచ్చును.

ఒక మాట మేము స్పష్టముగ చెప్పదలచితిమి. ప్రమాదమున కాళ్లు పోయినవాని యింటికి వెళ్లి "పూర్వజన్మ పాపము, అనుభవింపవలసినదే" అనువారు కలరు. కర్మసిద్ధాంతము తన్ను తాను దిద్దుకొనుటకు చెప్పబడినది గాని, ఎదుటివాని పుండుపై కారము చల్లుటకు కాదు. పరుల కష్టము చూచినప్పుడు మనకు విధింపబడినది దయ. అట్లని జాలితో ఆగరాదు. జాలి మంచము వేయును. గౌరవము పగ్గములు చేతికిచ్చును.

మీ యింట, మీ వీధిలో అటువంటివారున్నచో, తొలినాళ్ల కోపమును సహింపుడు. అది అనూరునికే తప్పలేదు. తరువాత "నీకేది ఇష్టము, ఏది చేయగలవు?" అని అడుగుడు. మైదానమునకు, ఈతకొలనుకు తోడు వెళ్లుడు. మీ ఆలయమున మెట్ల ప్రక్క చక్రముల కుర్చీకి వాలుబాట ఉన్నదో లేదో చూడుడు, లేనిచో వేయింపుడు. అదియు భగవత్సేవయే.

ఉదయమున తూర్పు దిక్కున మొదట కనిపించు ఎఱ్ఱని కాంతి అరుణునిదే. సూర్యునికంటె ముందు మనకు దర్శనమిచ్చువాడు ఆ అనూరుడే యని తలచి నమస్కరింతము.

సర్వే జనాః సుఖినో భవంతు. స్వస్తి.