రెండేండ్ల నర్సింగు విద్య

అమెరికాలో రిజిస్టర్డ్ నర్సు కాగోరువారికి నాలుగేండ్ల విశ్వవిద్యాలయ విద్య యొక్కటియే మార్గము కాదు. ఊరి చెంతనుండు కమ్యూనిటీ కళాశాలలో రెండేండ్ల అసోసియేట్ డిగ్రీ పొందియు కావచ్చును.

రెండవ ప్రపంచ యుద్ధానంతరము నర్సుల కొరత తీవ్రము కాగా, మిల్డ్రెడ్ మాంటాగ్ అను విదుషీమణి ప్రతిపాదించిన ఈ విధానమును 1952లో కొన్ని కళాశాలలు ప్రయోగాత్మకముగా ఆరంభించినవి.

రెండేండ్లే కదా యని తేలికగా తలపరాదు సుమా! శరీరశాస్త్రము, సూక్ష్మజీవిశాస్త్రము వంటివి ముందుగా చదువుటకే తరచు మరియొక యేడు పట్టును. పిదప వేకువనే ఆసుపత్రి వార్డు చేరి, రోగి చేతిపట్టీపై పేరును, పుట్టినతేదీని సరిచూచి, మందుపై చీటీని ముమ్మారు చదివి, అధ్యాపకురాలి కన్నుల యెదుటనే మందు నీయవలెను.

తుదకు ఎన్‌క్లెక్స్ అను లైసెన్సు పరీక్ష. రెండేండ్లు చదివినను, నాలుగేండ్లు చదివినను పరీక్ష యొక్కటియే, లైసెన్సును ఒక్కటియే. అయితే పెక్కు పెద్ద ఆసుపత్రులు బ్యాచిలర్ డిగ్రీనే కోరును. ఉద్యోగము చేయుచునే దానిని పూర్తిచేయవచ్చును.

కావున అక్కడ స్థిరపడి ఈ చదువు నెంచుకొను మన తెలుగువారు ముందుగా విచారింపవలసినవి రెండు: కళాశాలకు రాష్ట్ర నర్సింగు బోర్డు ఆమోదమున్నదా? అచ్చటి క్రెడిట్లు బ్యాచిలర్ చదువునకు చెల్లునా? ఆమోదము, క్రెడిట్లు — ఈ రెండును తెలిసికొనియే చేరుడు.