తాజ్‌లో రెండు కాఫీలు

యాత్రానుభవం చెప్పమన్నారు. గుళ్ల గురించి మిత్రులు చెప్పేశారు కనుక నేను కాఫీ గురించి చెబుతాను.

సర్వీసులో ఉండగా ఆఫీసు పని మీద మూడుసార్లు బొంబాయి వెళ్లాను. ప్రతిసారీ గేట్‌వే దగ్గర నిలబడి తాజ్‌మహల్ హోటల్ను చూసి వచ్చేసేవాణ్ణి. జంషెట్జీ టాటా కట్టించిన ఆ హోటల్ 1903లోనే తెరిచారు. ఎదురుగా ఉన్న గేట్‌వే పూర్తయింది 1924లో. ఇవన్నీ తెలుసు, గుమ్మం ఎక్కే ధైర్యమే లేదు.

రిటైరయ్యాక మా ఆవిడతో వెళ్లాను. దాదర్‌లో చిన్న లాడ్జి, ఉడిపి హోటల్లో భోజనం. "ఏమండీ, ఒక్కసారి లోపల కూర్చుని వద్దామా?" అంది. ముప్ఫై ఆరేళ్ల కాపురంలో ఆవిడ నోరు తెరిచి అడిగినవి తక్కువ. ఎలిఫెంటా పడవ, టాక్సీలు మానుకున్నాం.

అక్కడ బస చేయనివాళ్లూ వెళ్లవచ్చు. 2008 నవంబరు దాడి జరిగిన చోటు కదా, సంచి తనిఖీ చేయించుకుని, మొదటి అంతస్తులోని సీ లౌంజ్‌కు వెళ్లాం. మెనూలో నేను ముందు చదివింది కుడివైపు అంకెలే! పన్ను మళ్లీ వేరు. భోంచేసే వెళ్లాం కనుక రెండు కాఫీలే చెప్పాం. వెయిటర్ మొహం చిట్లించలేదు. ఆవిడ పాతచెప్పులు కుర్చీ కిందికి లాక్కుని, గంటసేపు సముద్రాన్నీ పడవలనీ చూస్తూ కూర్చుంది. కాఫీ చల్లారిపోయింది.

బిల్లు మా లాడ్జి ఒకరోజు అద్దెంత అయింది. ఎలిఫెంటా ఇంకా బాకీ ఉందని ఆవిడ ముందు వరుసలోంచి సైగ చేస్తోంది. సెలవు.