చిలకను పెంచుకుందామా? కొనే ముందు ఈ ఒక్క ఎపిసోడ్ చూడండి

నా వెనకాల కనిపిస్తోంది కదా, అదే మన కోరుకొండ నరసింహస్వామి వారి కొండ. సాయంత్రం పూట మేడ మీద కూర్చుని మాట్లాడుతున్నాను. మధ్యలో చిలకల అరుపులు వినిపిస్తే ఏమీ అనుకోకండి, ఈ రోజు కబుర్లు వాటి గురించే.

మొన్న మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు, ఇంటర్ చదువుతున్నాడు. "అన్నయ్యా, ఒకాయన బుట్టలో చిలక పిల్లల్ని తెచ్చాడు, ఒకటి తీసుకోనా? మాటలు నేర్పిద్దాం" అన్నాడు. వద్దురా అన్నాను. "అమ్మమ్మ వాళ్లింట్లో ఉండేది కదా మరి!" అన్నాడు. ఉండేది, నిజమే. ముందు ఆ సంగతి చెప్తాను.

అమ్మమ్మ వాళ్ల వీధి అరుగు మీద దూలానికి గుండ్రటి పంజరం వేలాడేది. అందులో చిట్టి. ఎవరైనా గుమ్మంలోకి వస్తే చాలు, "ఎవరూ?" అని అరిచేది. మేం జంతికలు పెట్టేవాళ్లం, టీలో ముంచిన బిస్కెట్ పెట్టేవాళ్లం, పెరుగన్నం పెట్టేవాళ్లం. నాలుగో ఏడు ఒకరోజు పొద్దున్నే చూస్తే పంజరం అడుగున పడి ఉంది. "దాని ఆయుష్షు అంతే" అన్నారు పెద్దవాళ్లు, నేనూ నమ్మేశాను. తర్వాత ఎప్పుడో తెలిసింది, సరిగ్గా చూసుకుంటే రామచిలక ఇరవై ఏళ్ల పైనే బతుకుతుందని. మాకు ప్రేమ లేక కాదండి. తెలియక. ఆ తెలియనితనం మీ ఇంట్లో ఉండకూడదనే ఈ ఎపిసోడ్.

మొదటి మాట. మన రామచిలకను పట్టుకోవడం, అమ్మడం, కొనడం, ఇంట్లో ఉంచుకోవడం, అన్నీ నేరమే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం అది. మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా పడొచ్చు. భుజం మీద ఎర్ర మచ్చ ఉండే పెద్ద చిలకకీ ఇదే వర్తిస్తుంది. పైగా 2018లో రామచిలకను మన ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర పక్షిగా ప్రకటించారు. ఆ బుట్టలో పిల్లలు ఎక్కడివనుకున్నారు? మోడుబారిన తాటిచెట్ల తొర్రల్లోంచి, కళ్లు కూడా సరిగ్గా తెరవకముందే లాగేసినవి. మన చేతికి ఒకటి వచ్చేలోపు దారిలో ఎన్ని పోతాయో.

భక్త రామదాసు కథ మీకు తెలిసిందే. పూర్వజన్మలో ఒక చిలకను పన్నెండు రోజులు పంజరంలో పెట్టాడట, అందుకే గోల్కొండ చెరసాలలో పన్నెండేళ్లు ఉండాల్సి వచ్చిందట. కథే అనుకోండి. కానీ పంజరం అంటే ఏంటో మన పెద్దవాళ్లకి ఎప్పుడో తెలుసు.

"మరి షాపుల్లో రంగురంగులవి అమ్ముతున్నారు కదా?" అంటారు. అవి విదేశీ జాతులు. సన్ కాన్యూర్, గ్రీన్ చీక్ కాన్యూర్, క్వేకర్, ఇవన్నీ దక్షిణ అమెరికావి. వీటికీ రూల్ ఉందండి. 2024 ఫిబ్రవరిలో కేంద్రం కొత్త నిబంధనలు తెచ్చింది. ఇలాంటి పక్షి మీ దగ్గరికి వచ్చిన 30 రోజుల్లో పరివేష్ పోర్టల్‌లో రిజిస్టర్ చేయించాలి. పిల్లలు పెట్టినా, వేరేవాళ్లకి ఇచ్చినా, చనిపోయినా కూడా తెలియజేయాలి. అమ్మేవాడు "కాగితాలు ఎందుకండీ" అన్నాడంటే అక్కడి నుంచి వచ్చేయండి. ఇంకోటి, నీలం రంగు, పసుపు రంగు రింగ్‌నెక్‌లు ఫారిన్ చిలకలని చెప్పి అమ్ముతారు. అవి కూడా మన రామచిలక జాతే. ముందు అటవీ శాఖ వాళ్లని అడక్కుండా వాటి జోలికి వెళ్లకండి.

సరే, కాగితాలన్నీ బాగానే ఉన్నాయి అనుకుందాం. కొనే ముందు ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకోవాల్సిన మూడు విషయాలున్నాయి.

ఒకటి, వయసు. కాన్యూర్ అయినా క్వేకర్ అయినా ఇరవై ఏళ్లు ఉండగలదు. తమ్ముడూ, నువ్వు ఇంటర్‌లో కొన్న చిలక, నీ పిల్లలు స్కూల్‌కి వెళ్లేదాకా ఉంటుంది. నువ్వు బీటెక్‌కి హైదరాబాద్ పోతే దాన్ని చూసేది ఎవరు? అమ్మే కదా. మరి అమ్మని అడిగావా?

రెండు, గోల. సన్ కాన్యూర్ చూడ్డానికి బంగారం, అరిస్తే మాత్రం మూడిళ్ల అవతలికి వినిపిస్తుంది. అపార్ట్‌మెంట్‌లో అయితే పక్కవాళ్లతో పంచాయితీ ఖాయం. గ్రీన్ చీక్ కొంచెం నయం.

మూడు, టైమ్. ఇది గుంపులో బతికే జీవి. రోజుకి కనీసం రెండు మూడు గంటలు పంజరం బయట మనుషులతో ఉండాలి. ఒంటరిగా వదిలేస్తే తన ఈకలు తానే పీక్కుంటుంది. రాత్రి పది పన్నెండు గంటలు చీకట్లో నిద్ర కావాలి, టీవీ పక్కన పెడితే కుదరదు.

ఇక పంజరం. గుండ్రటి ఇత్తడి పంజరం అందానికే. కాన్యూర్‌కి అన్ని వైపులా కనీసం రెండేసి అడుగులు ఉండాలి, రెక్కలు పూర్తిగా చాపగలగాలి. వెల్డింగ్ షాపులో జీఐ మెష్‌తో చేయించేస్తారు చాలామంది. ఆ జింక్ పూతని కొరికి తింటే విషం. కూర్చోడానికి ప్లాస్టిక్ కర్రలు వద్దు. జామకొమ్మ, వేపకొమ్మ, లావూ సన్నం కలిపి పెట్టండి, పాదాలకి మంచిది.

తిండి దగ్గరే అందరం తప్పు చేస్తాం. పొద్దుతిరుగుడు గింజలు ఒక్కటే పోస్తూ ఉంటే కాలేయానికి కొవ్వు పడుతుంది. క్యారెట్, మునగాకు, మొలకెత్తిన పెసలు, మొక్కజొన్న, జామపండు ఇవ్వండి, గింజలు తక్కువే ఉండాలి. పచ్చిమిరపకాయ ఇవ్వచ్చు, పక్షులకి కారం తెలియదు! అవకాడో, చాక్లెట్, కాఫీ, టీ, ఉప్పు వేసిన చిరుతిళ్లు మాత్రం అస్సలు వద్దు. మా చిట్టికి మేం పెట్టినవి చూశారుగా, సగం ఈ లిస్టులోవే.

ఇంట్లో ప్రమాదాలు కూడా చెప్తాను, ఇవి రాసుకోండి. సీలింగ్ ఫ్యాన్. చిలక బయట ఉంటే ఫ్యాన్ ఆపాల్సిందే, ఎండాకాలమైనా సరే. నాన్‌స్టిక్ పెనం బాగా కాలితే వచ్చే పొగకి పక్షి నిమిషాల్లో చనిపోతుంది, మనకి వాసన కూడా తెలియదు. మన దోమల సంగతి తెలుసు కదా, అయినా ఆ గదిలో దోమల చక్రం, ధూపం వద్దు. దోమతెర వాడండి. మే నెల ఎండకి నోరు తెరిచి రొప్పుతూ, రెక్కలు ఎడంగా పెట్టిందంటే వెంటనే నీడలోకి తెచ్చి ఒంటి మీద నీళ్లు చిలకరించండి.

చిలక జబ్బుని దాచుకుంటుంది. అడవిలో నీరసంగా కనిపిస్తే శత్రువు పట్టేస్తాడు, అందుకని. మనకి కనిపించేసరికే ఆలస్యం అవుతుంది. కాబట్టి వంటింటి డిజిటల్ కాటా మీద వారానికోసారి తూచి రాసి పెట్టండి. బరువు తగ్గినా, ఒళ్లు ఉబ్బించుకుని పగలు నిద్రపోతున్నా డాక్టర్ దగ్గరికే. పక్షులు చూసే పశువైద్యులు అన్ని ఊళ్లలో దొరకరు, కొనకముందే వెతికి నంబర్ పెట్టుకోండి. చిలకల నుంచి మనుషులకి వచ్చే జ్వరం ఒకటుంది, సిట్టకోసిస్ అంటారు. పంజరం కడిగాక చేతులు కడుక్కోండి. ఇంట్లో ఎవరికైనా జ్వరం, దగ్గు తగ్గకపోతే చిలక ఉందని డాక్టర్‌కి చెప్పండి.

ఇప్పటికే ఇంట్లో రామచిలక ఉన్నవాళ్లు కంగారుపడి పంజరం తలుపు తీసేయకండి. ఏళ్ల తరబడి లోపల ఉన్నదానికి ఎగరడం రాదు, తిండి వెతుక్కోవడం రాదు. కాకులో, పిల్లులో పట్టేస్తాయి. రాజమండ్రిలో అటవీ శాఖ ఆఫీసు ఉంది, వాళ్లకి అప్పగించండి.

మా వాడి సంగతి చెప్పలేదు కదూ. కొనలేదండి. రెండు రోజులు అలిగాడు. తర్వాత మా బాబాయి పొలం నుంచి వరి కంకులు తెచ్చి కుచ్చు అల్లి ఇచ్చారు, సంక్రాంతికి మన గుమ్మాలకి కడతాం కదా, అదే. మేడ మీద పిట్టగోడ పక్కన కట్టాడు. ముందు పిచ్చుకలు వచ్చాయి. పదో రోజు సాయంత్రం వీడియో పంపాడు, రెండు చిలకలు తలకిందులుగా వేలాడుతూ గింజలు ఒలుచుకుంటున్నాయి. కింద రాశాడు, "అన్నయ్యా, మాట్లాడట్లేదు గానీ రోజూ వస్తున్నాయి."

చిలక కొందామనుకుంటున్న ఫ్రెండ్ ఎవరైనా ఉంటే ఇది పంపించండి. మళ్లీ కలుద్దాం, ఉంటానండి.