సరకుబండికి టైరుల నెన్నుకొనుట



ధాన్యమును, కూరగాయలను పట్టణమునకు జేర్చు పికప్పు బండి నేడు పెక్కు పల్లెలందు గలదు. దానికి టైరులు మార్చవలసినపుడు లోతైన గాడులును, పెద్ద దిమ్మలును గల ఆల్‌టెరెయిన్ టైరులు, అనగా అన్ని నేలలకును దగినవని చెప్పబడునవి, మన కన్నుల నాకర్షించును. చూచుటకు మల్లులవలె నుండును. అయినను మన బండి ఏ బాటను ఎక్కువగా నడచునో ముందు విచారింపవలయును.

కంకర డొంకలందు నివి మేలైనవే; దిమ్మలు నేలను గఱచి పట్టును. నల్లరేగడి మాట వేఱు. తడిసిన రేగడి గాడులలో నిండినచో నెంతటి టైరైనను నున్ననిదే యగును. తారుబాటపై నివి ఱొదచేయును, డీజిలు నెక్కువ త్రాగును. వానలో బండి నిలుచుటకు సామాన్యముగా మఱికొంత దూరము పట్టును. ఎదుట పసివాడు అడ్డము వచ్చినపుడు ఆ రెండు బారలే ప్రాణము.

ఇక బరువు. ప్రక్కగోడపై 100 అను భారసంఖ్య యున్నచో, తగిన గాలితో ఆ టైరు 800 కిలోగ్రాములు మోయును. 91 యున్నచో 615 మాత్రమే. కొలత యొకటే యైనను కారుటైరునకు ఈ సంఖ్య తక్కువగా నుండవచ్చును. బస్తాలపై కూలీలను గూడ నెక్కించువారు (ఎక్కింపరాదు, అయినను ఎక్కింతురు) దీనిని తప్పక చూడవలయును. బండితో వచ్చిన టైరుల సంఖ్యకు తగ్గినదానిని గొనరాదు.

అచ్చటనే నాలుగంకె లుండును. 2324 అనగా 2024వ సంవత్సరమున 23వ వారమందు తయారైనదని యర్థము. ఆ యంకెలు చెరిపిన టైరు సగము వెలకు వచ్చినను నేను గొనను.