పంపుసెట్టు లెక్క మన పిల్లలే తీయాలి

(మండల శిక్షణా తరగతిలో యువ రైతుల ముందు సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఈ తరగతికి వచ్చినవారిలో డిప్లొమా, బీటెక్ చదివి ఊళ్లోనే ఉంటున్న యువతీ యువకులు ఉన్నారు. ముందు మీతోనే మాట్లాడతాం, ఎనర్జీ ఆడిటర్ అనే పని గురించి. ఏ యంత్రం ఎంత కరెంటు తింటోంది, అందులో పనికొచ్చేదెంత, వృథా అయ్యేదెంత అని కొలిచి చెప్పడమే ఆ పని.

2001 నాటి ఇంధన పొదుపు చట్టం కింద ఏర్పడిన బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ తరఫున దీనికి జాతీయ పరీక్ష ఉంది. ఇంజనీరింగ్ డిగ్రీ ఉంటే ఇంధన వాడకానికి సంబంధించిన పనిలో మూడేళ్లు, డిప్లొమా అయితే ఆరేళ్లు అనుభవం కావాలి. నాలుగు పేపర్లు, ఒక్కోదానిలో 50 శాతం రావాలి. నాలుగోది పుస్తకం చూసి రాసేదే అయినా తేలిగ్గా తీసుకోవద్దు, అదంతా లెక్కలే. ఐటీఐ చదివినవాళ్లకు మాత్రం అర్హత లేదు. మోటారు విప్పేదీ, చుట్టేదీ వాళ్లే అయినా! ఇది మాకు నచ్చని సంగతి.

చట్టం ఆడిట్‌ను తప్పనిసరి చేసింది సిమెంటు, ఉక్కు, ఎరువుల వంటి పెద్ద కర్మాగారాలకు. సర్టిఫికెట్ వచ్చినవాళ్లు ఎక్కువగా అటే పోతారు, బోరు దగ్గరకు రారు. మరి వ్యవసాయానికి ఇంత కరెంటు పోయిందనే అంకె ఎక్కడిది? మీటర్లు లేనిచోట కొన్ని ట్రాన్స్‌ఫార్మర్ల దగ్గర కొలిచి, దాన్నే మొత్తం కనెక్షన్లకు హెచ్చవేస్తారు. లైన్లలో నష్టం, దొంగ కరెంటు కూడా ఈ పద్దులోకి జారుకునే వీలుంది. ఆ అంకె చూపించే రైతు దుబారా చేస్తున్నాడంటారు, మీటరు పెట్టాలంటారు. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో శ్రీకాకుళం జిల్లాతో అది మొదలైంది. మనం వ్యతిరేకిస్తున్నాం, వ్యతిరేకిస్తాం. అయితే కాకిలెక్కలని అన్నంత మాత్రాన చాలదు, మన లెక్క మన చేతిలో ఉండాలి.

అదేమీ బ్రహ్మవిద్య కాదు. 200 లీటర్ల డ్రమ్ము 50 సెకన్లలో నిండిందనుకోండి. అంటే సెకనుకు 4 లీటర్లు. మోటారు నడుస్తున్నప్పుడు బోరులో నీటి మట్టం నుంచి గొట్టం మూతి దాకా ఎత్తు, గొట్టంలో రాపిడి కలిపి 40 మీటర్లు. 4ను 40తో, మళ్లీ 9.81తో హెచ్చవేస్తే దాదాపు 1,570 వాట్లు. నీళ్లు ఎత్తడానికి నిజంగా కావలసింది అంతే. టంగ్ టెస్టర్ ఆంపియర్లే చెబుతుంది కాబట్టి కిలోవాట్లు చూపే క్లాంప్ మీటరు కావాలి. అది 5 కిలోవాట్లు చూపితే సామర్థ్యం 31 శాతం. 50 శాతం ఉన్న సెట్టయితే అదే నీటికి 3 కిలోవాట్ల పైచిలుకు చాలు.

మిగతాది ఎటు పోయింది? ఆడిటర్ చెప్పాల్సింది ఇక్కడే. ఇంపెల్లర్ అరిగిందా, సన్నని గొట్టానికి వంపులెక్కువా, నాలుగుసార్లు రీవైండింగ్ చేసిన మోటారా? ఇవి మన వైపువి. లైను చివర వోల్టేజీ పడిపోవడం, ట్రాన్స్‌ఫార్మర్ మీద లోడు ఎక్కువవడం డిస్కం వైపువి. 2004లో ఉచిత విద్యుత్తు వచ్చాక కెపాసిటర్, ఐఎస్ఐ పంపు, రాపిడి తక్కువ ఫుట్ వాల్వ్, ప్లాస్టిక్ గొట్టం పెట్టుకోవాలని రైతుకు షరతులు పెట్టారు. లైను చివర వోల్టేజీ సంగతి ఎవరు రాసుకోవాలి?

ఇంకో మాట దాచకుండా చెప్పాలి. మంచి పంపు వస్తే కరెంటు మిగలొచ్చు, నీళ్లు మిగలవు. కరెంటు ఉన్న అవే గంటల్లో ఎక్కువ తోడితే పక్క బోరు ముందు ఎండుతుంది. కాబట్టి కొలతల పుస్తకంలో నీటి మట్టానికి కూడా ఒక గడి గీయండి.

అర్హత ఉన్నవాళ్లు ఈ పూటే పేర్లివ్వండి, ఫీజు విషయం సంఘం చూస్తుంది. ఐటీఐ పిల్లలు క్లాంప్ మీటరు పట్టుకోండి, దానికి ఏ సర్టిఫికెట్టూ అక్కర్లేదు. ముందుగా ఒకే ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్న బోర్లన్నీ కొలుద్దాం. మొదటి బోరు దగ్గరా, చివరి బోరు దగ్గరా వోల్టేజీ రాసుకుని, ఆ కాగితంతోనే సబ్‌స్టేషన్‌కు వెళ్దాం.