నప్పని వేషం



బల్లార్షాలో రైల్వే గుమాస్తాగిరీ చేసుకుంటూ పండుగకు భామ్రాగడ్ వచ్చే మాబోటి మెట్రిక్యులేట్లకు ఉపన్యాసకుని వేషం నప్పదు. అయినా ఒక పిల్లవాని పక్షాన నాలుగు మాటలు మనవి చేస్తాము.

1956లో 'సొంతవూరు' చిత్రంలో రామారావుగారు కృష్ణుడుగా కాసేపు కనిపిస్తే ప్రేక్షకులు మెచ్చలేదు. 'మాయాబజార్'లో మళ్ళీ ఆ వేషమనేసరికి ఆయనే జంకారు. దర్శకులు కె.వి.రెడ్డిగారు పట్టు విడువలేదు. నటుణ్ణి మార్చక, దుస్తులమీద, నిలుచునే తీరుమీద శ్రద్ధ పెట్టారు. 1957లో అదే మనిషికి జనం చేతులు జోడించారు.

నిరుడు మన నాటకంలో కృష్ణుడికీ నవ్వులే దక్కాయి. మరాఠీ బడిలో చదివే బాబు. 'ఎవరు' అన్నది 'ఏవరు' అయింది. మరాఠీలో ఎకారానికి హ్రస్వం లేదు, వాడేం చేస్తాడు? ముందు వరుసలో కూర్చుని మేమూ నవ్వాము. వాడు తెరవెనుక ఏడ్చాడని తరువాత తెలిసింది.

ఈ ఏడు వాడికి మాటలు లేని ద్వారపాలకుని వేషం చాలునని కొందరు పెద్దల అభిప్రాయం. మేము సమ్మతించము. సెలవుమీద వచ్చినప్పుడల్లా పద్యాలు మేమే దగ్గర కూర్చుండబెట్టి చెప్పిస్తాము. కిరీటం మాత్రం కాస్త చిన్నది ఎవరైనా ఇప్పించండి; నిరుటిది వాడి కళ్ళమీదికి జారింది.